బీడు తరంగాలు, గట్టు తగాదాలు: లైట్‌స్క్వేర్డ్ నెట్‌వర్క్ ఎందుకు నిలబడలేదు

2010 జులైలో అమెరికాలో లైట్‌స్క్వేర్డ్ అనే కంపెనీ దేశమంతటా సుమారు 40,000 బేస్ స్టేషన్లతో సరికొత్త 4జీ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ నిర్మిస్తామని ప్రకటించింది. 2015 నాటికి అమెరికా జనాభాలో 92 శాతానికి ఆ సేవ అందుతుందని చెప్పింది. నిర్మాణం, పరికరాలు, నిర్వహణ కోసం నోకియా సీమెన్స్ నెట్‌వర్క్స్‌తో ఎనిమిదేళ్లకుగాను 700 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. కంపెనీ వెనుక ఫిలిప్ ఫాల్కోన్ నడిపే హార్బింజర్ అనే పెట్టుబడి సంస్థ ఉంది. ముందు వరుసలో అంతకుముందు ఐరోపాలో ఆరెంజ్ సంస్థను నడిపిన, భారతదేశంలో పుట్టిన సంజీవ్ ఆహూజా ఉన్నారు. చేతిలో ఏళ్ల తరబడి సరిగా వాడకానికి రాని స్పెక్ట్రమ్, అంటే రేడియో తరంగాల పట్టీ ఉంది. రెండేళ్లు తిరగకముందే, 2012 మే 14న, ఆ కంపెనీ దివాలా చట్టం కింద రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లింది. ఆ నాటికి ఒక్క ఊళ్లో కూడా దాని భూతల సేవ వాణిజ్యపరంగా మొదలు కాలేదు.

ఈ వైఫల్యాన్ని ఒక పెట్టుబడిదారు దుస్సాహసంగానో, రాజకీయ పలుకుబడి ఉన్న పరిశ్రమలు చేసిన అడ్డగింతగానో చెప్పడం పరిపాటి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే అసలు చిక్కు ఇంకా లోతున ఉంది. స్పెక్ట్రమ్‌ను భూమితో పోల్చి చూస్తే అది సులభంగా బోధపడుతుంది. ఏళ్ల తరబడి బీడుపడి ఉన్న పొలం కాగితాల మీద ఒకరి పేరున ఉంటుంది. దానిలో ఎవరూ నాగలి పెట్టరు. క్రమంగా పక్క పొలంవాళ్లు ఆ బీడును తమ పొలానికి రక్షణగా లెక్కవేసుకుంటారు, కొన్నిచోట్ల దాని మీదుగానే దారి నడుస్తుంది. కొత్త యజమాని వచ్చి దున్నడం మొదలుపెట్టిన రోజున గట్టు తగాదా పుడుతుంది. లైట్‌స్క్వేర్డ్ కొన్నది అటువంటి బీడు, దాని పక్క పొలం పేరు జీపీఎస్.

ఆ స్పెక్ట్రమ్ ఎల్-బ్యాండ్‌లోనిది. ఉపగ్రహం నుంచి కిందికి 1525 నుంచి 1559 మెగాహెర్ట్జ్ వరకు, కింది నుంచి పైకి 1626.5 నుంచి 1660.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీలను ఉపగ్రహ మొబైల్ సేవల కోసం కేటాయించారు. ఓడలు, విమానాలు, లారీలు, టవర్లు లేని మారుమూల ప్రాంతాల్లో పనిచేసేవారు నేరుగా ఉపగ్రహంతో మాట్లాడుకోవాలన్నది ఉద్దేశం. సేవ నడిచింది గానీ విస్తరించలేదు. ఉపగ్రహ సంకేతం ఇంటి గోడను దాటి లోపలికి రాలేదు, నగరంలో పెద్ద భవనాల నీడ పడితే తెగిపోయేది, ఫోన్లు బరువుగా, ఖరీదుగా ఉండేవి. ఈలోగా మామూలు మొబైల్ ఫోన్ ఊరూరా పాకింది. దాంతో ఎల్-బ్యాండ్‌లో విలువైన భాగం పల్చగా, అక్కడక్కడ మాత్రమే వాడకంలో మిగిలింది.

ఈ స్థితిలో 2001 ప్రాంతంలో ఉపగ్రహ సంస్థలు అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీని ఒక వెసులుబాటు అడిగాయి. ఉపగ్రహ సంకేతం అందని నగరాల్లో అదే తరంగాలతో నేల మీద టవర్లు పెట్టుకోనివ్వాలన్నది వారి కోరిక. 2003లో ఎఫ్‌సీసీ అందుకు నిబంధనలు రూపొందించింది. అనుమతికి గట్టి షరతు కూడా పెట్టింది: నేల మీది టవర్లు ఉపగ్రహ సేవకు అనుబంధంగా మాత్రమే ఉండాలి, స్వతంత్ర మొబైల్ నెట్‌వర్క్‌గా మారకూడదు. ఆ తరువాత జరిగిన పదేళ్ల వివాదమంతా అనుబంధం అన్న ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

ఆ షరతు వెనుక న్యాయపరమైన ప్రశ్న కూడా ఉంది. ఉపగ్రహ సేవలకిచ్చిన స్పెక్ట్రమ్ వేలంలో కొన్నది కాదు. మొబైల్ కంపెనీలు మాత్రం తమ స్పెక్ట్రమ్‌ను వేలాల్లో కొనుక్కుంటున్నాయి. 2006 వేలంలో అవి సుమారు 1,370 కోట్ల డాలర్లు, 2008లో జరిగిన 700 మెగాహెర్ట్జ్ వేలంలో సుమారు 1,900 కోట్ల డాలర్లు చెల్లించాయి. ఉపగ్రహం పేరుతో చౌకగా దక్కిన తరంగాలను నేల మీద 4జీకి మళ్లిస్తే, వేలం కట్టినవారు అన్యాయమని అనక మానరు. మన దేశంలో ఇస్రో వాణిజ్య సంస్థ ఆంట్రిక్స్, దేవాస్ అనే ప్రైవేటు కంపెనీ మధ్య 2005 జనవరిలో కుదిరిన ఎస్-బ్యాండ్ ఉపగ్రహ తరంగాల ఒప్పందం 2011 ఫిబ్రవరిలో రద్దు కావడానికి ముందు రేగిన దుమారంలోనూ ఈ ప్రశ్న ఉంది. ఆ ఒప్పందంలో మోసం కోణం వేరు, దానిపై సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పింది. అయినా ఉపగ్రహ తరంగాలను నేల మీదికి దించినప్పుడు వాటి విలువ ఎన్నో రెట్లు పెరుగుతుందన్న విషయం రెండు దేశాల్లో ఒకే కాలంలో బయటపడింది.

గట్టు తగాదాలోని సాంకేతిక భాగాన్ని ఇప్పుడు దగ్గరగా చూడాలి. జీపీఎస్ పౌర సంకేతం 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దాని పట్టీ 1559 దగ్గర మొదలవుతుంది. అంటే లైట్‌స్క్వేర్డ్ పట్టీ ముగిసిన చోటే జీపీఎస్ పట్టీ మొదలు, రెండింటి మధ్య ఖాళీ జాగా ఏమీ లేదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కడి నుంచి బయల్దేరిన సంకేతం నేలను చేరేసరికి ఎంత బలహీనపడుతుందంటే, ఒక వాట్‌ను కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వంద ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్కంత శక్తి మాత్రమే రిసీవరు చేతికి చిక్కుతుంది. అది రిసీవరులోనే సహజంగా పుట్టే విద్యుత్ రొద కన్నా తక్కువ. ఉపగ్రహం పంపే కోడ్ ముందే తెలుసు కాబట్టి, ఆ కోడ్‌తో పోల్చి చూస్తూ రొద అడుగు నుంచి సంకేతాన్ని వెలికితీయడమే జీపీఎస్ రిసీవరు చేసే పని.

ఇంత సన్నని గొంతు వినడానికి పక్కిల్లు నిశ్శబ్దంగా ఉండాలి. ఎల్-బ్యాండ్‌లో ఉపగ్రహ సంకేతాలు మాత్రమే దిగుతున్నంత కాలం ఆ నిశ్శబ్దం దక్కింది, ఎందుకంటే రెండు సంకేతాలూ ఆకాశం నుంచి వచ్చేవే, రెండూ బలహీనమైనవే. లైట్‌స్క్వేర్డ్ పెట్టదలచిన బేస్ స్టేషన్ ప్రసార దిశలో సుమారు 1,500 వాట్ల స్థాయి శక్తిని వెదజల్లుతుంది. అడ్డేమీ లేని చోట, ఆ టవర్‌కు కిలోమీటరు దూరంలో నిలబడిన జీపీఎస్ రిసీవరును చేరే టవర్ సంకేతం, అదే రిసీవరును చేరే జీపీఎస్ సంకేతం కన్నా దాదాపు 400 కోట్ల రెట్లు బలంగా ఉంటుందని సాధారణ లెక్క చెబుతుంది. వంద మీటర్ల దగ్గరకు వస్తే అది మళ్లీ వంద రెట్లు పెరుగుతుంది.

ఆ శక్తిని అడ్డుకోవలసింది రిసీవరులోని ఫిల్టర్. రిసీవరు మూత విప్పి చూస్తే, యాంటెన్నా తీగ బోర్డును కలిసే చోటుకు దగ్గరలో గోరంత కూడా లేని చిన్న దిమ్మె కనిపిస్తుంది. కావలసిన పౌనఃపున్యాలను లోపలికి వదిలి మిగతావాటిని ఆపే ద్వారపాలకుడు అదే. ఏ ఫిల్టర్ కూడా గోడలా నిలువుగా తెగదు, చెరువు గట్టులా వాలుగా దిగుతుంది. మొబైల్ ఫోన్లోని జీపీఎస్‌కు ఇరుకైన ఫిల్టర్ సరిపోతుంది, ఎందుకంటే అది వీధి ఆచూకీ చెబితే చాలు. పైగా అదే ఫోన్లో పక్కనే బలమైన మొబైల్ ప్రసారం ఉంటుంది కాబట్టి దాన్ని తట్టుకునేలా ముందే తయారుచేస్తారు. అంగుళాల్లో కొలిచే సర్వే పరికరం, సాలు తప్పకుండా ట్రాక్టరును నడిపే రిసీవరు అలా కాదు. సంకేతపు అంచుల్లో దాగిన సమాచారం కూడా వాటికి కావాలి. అందుకే వాటి ఫిల్టర్లను విశాలంగా ఉంచుతారు. వ్యవసాయంలో వాడే కొన్ని రిసీవర్లు ఇంకో అడుగు ముందుకేశాయి. జీపీఎస్ లెక్కలోని పొరపాట్లను దిద్దే సవరణ సంకేతాలు ఉపగ్రహం ద్వారా ఎల్-బ్యాండ్‌లోనే వస్తాయి. వాటిని అందుకోవడానికి ఆ రిసీవర్ల తలుపు 1525 వరకు కావాలనే తెరిచి ఉంచారు. బీడు మీదుగా నడిచిన దారి అంటే ఇదే, పైగా అది దొంగదారి కాదు. అప్పటి ఉపగ్రహ సేవకు డబ్బు కట్టి వాడుకున్న దారి.

రెండు పొలాల మధ్య జోక్యం రెండు రకాలుగా జరగవచ్చు. టవర్ సంకేతం తన హద్దు దాటి జీపీఎస్ పట్టీలోకి చిందడం మొదటిది, ఆ తప్పు టవర్‌ది. టవర్ తన హద్దులోనే ఉన్నా దాని మోత పక్కింటి రిసీవరును చెవిటిదాన్ని చేయడం రెండోది, అక్కడ తప్పెవరిదో తేల్చే నిబంధన లేదు. 2002లో అప్పటి ఉపగ్రహ కంపెనీ, జీపీఎస్ పరిశ్రమ కూర్చుని మొదటి రకం జోక్యంపై ఒక అంగీకారానికి వచ్చాయి. రెండో రకం ఆనాడు గట్టిగా చర్చకు రాలేదు. 2011లో లైట్‌స్క్వేర్డ్ వాదన దీని మీదే నిలబడింది: మా సంకేతం మా హద్దులోనే ఉంది, మా పట్టీని వింటున్నది మీ రిసీవర్లు, ఎనిమిదేళ్లుగా టవర్లు వస్తాయని తెలిసీ ఫిల్టర్లు మార్చుకోనిది మీరు. జీపీఎస్ పరిశ్రమ జవాబు కూడా కొట్టిపారేయదగినది కాదు: 2003లో అనుమతించింది ఉపగ్రహానికి అనుబంధమైన కొద్దిపాటి టవర్లను, మీరు కడుతున్నది 40,000 స్టేషన్ల మొబైల్ నెట్‌వర్క్, ఆ రెండూ ఒకటి కావు.

ఈ రెండు వాదనల మధ్య న్యాయనిర్ణేతగా నిలవవలసిన ఎఫ్‌సీసీ అప్పటికే ఒకవైపు ఒరిగి ఉంది. 2010 మార్చిలో విడుదలైన జాతీయ బ్రాడ్‌బ్యాండ్ ప్రణాళిక పదేళ్లలో 500 మెగాహెర్ట్జ్ కొత్త స్పెక్ట్రమ్‌ను బ్రాడ్‌బ్యాండ్‌కు తేవాలని లక్ష్యం పెట్టింది, అందులో 90 మెగాహెర్ట్జ్ ఉపగ్రహ మొబైల్ పట్టీల నుంచే రావాలని లెక్కవేసింది. రెండు పెద్ద కంపెనీల ఆధిపత్యంలోకి జారుతున్న మార్కెట్‌లో కొత్త పోటీదారు రావడం ప్రజలకు మంచిదన్న ఆలోచన సరైనదే. అయితే 2011 జనవరి 26న ఎఫ్‌సీసీ అంతర్జాతీయ విభాగం ఇచ్చిన షరతులతో కూడిన మినహాయింపులో క్రమం తలకిందులైంది. ఉపగ్రహంతో మాట్లాడలేని, టవర్‌తో మాత్రమే పనిచేసే పరికరాలను కూడా అమ్ముకోవచ్చని అది అనుమతించింది. అనుబంధం అన్న మాటకు ఆ రోజుతో అర్థం మారిపోయింది. జీపీఎస్‌కు హాని లేదని తేలాకనే సేవ మొదలుపెట్టాలని చెబుతూ, ఆ పరీక్షల కోసం రెండు పక్షాలతో సాంకేతిక బృందాన్ని వేయమని ఆదేశించింది. ముందు అనుమతి, తరువాత పరీక్ష. ఈ మొత్తం ఉదంతంలో అత్యంత ఖరీదైన పొరపాటు ఇదేనని చెప్పక తప్పదు. ఎందుకంటే ఆ మినహాయింపును చూసి పెట్టుబడిదారులు డబ్బు పెట్టారు, దాన్నే చూసి జీపీఎస్ వర్గం యుద్ధానికి సిద్ధమైంది.

2011 వసంతంలో న్యూ మెక్సికోలోని హాలొమన్ వైమానిక స్థావరంలోను, లాస్ వేగాస్ పరిసరాల్లోను పరీక్షలు జరిగాయి. జూన్ 30న బృందం నివేదిక ఇచ్చింది. జీపీఎస్‌కు దగ్గరగా ఉన్న పై 10 మెగాహెర్ట్జ్‌ను వాడితే చాలా రకాల రిసీవర్లు దెబ్బతింటున్నాయని తేలిపోయింది. దాంతో లైట్‌స్క్వేర్డ్ వెనక్కి తగ్గి, దూరంగా ఉన్న 1526 నుంచి 1536 వరకు గల 10 మెగాహెర్ట్జ్‌తో మొదలుపెడతామని, శక్తిని కూడా తగ్గిస్తామని ప్రతిపాదించింది. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వ సంస్థలు ఆ దిగువ పట్టీపై మళ్లీ పరీక్షించాయి. మొబైల్ ఫోన్లకు చెప్పుకోదగిన హాని కనిపించలేదు. మిగతా సాధారణ రిసీవర్లలో మాత్రం ఎక్కువ భాగం దెబ్బతిన్నాయి. విమానం కొండకు దగ్గరవుతోందని పైలట్‌ను హెచ్చరించే వ్యవస్థకు ఇబ్బంది ఉందని విమానయాన విశ్లేషణ వేరుగా తేల్చింది. ఈ మాట వచ్చాక రాజకీయంగా మాట్లాడేందుకు ఇక ఏమీ మిగలలేదు. 2012 ఫిబ్రవరి 14న వాణిజ్య శాఖలోని టెలికాం విభాగం, జోక్యాన్ని సమీప కాలంలో నివారించే ఆచరణీయ మార్గం లేదని లేఖ రాసింది. మర్నాడే ఎఫ్‌సీసీ ఆ మినహాయింపును రద్దు చేసే ప్రతిపాదనను ముందుకు తెచ్చింది.

పరీక్షల ఫలితం వచ్చేదాకా డబ్బు గడియారం ఆగలేదన్నది కూడా గమనించాలి. ఎల్-బ్యాండ్‌లో లైట్‌స్క్వేర్డ్ వాటా, ఇన్మార్‌శాట్ అనే మరో ఉపగ్రహ సంస్థ వాటా తివాచీ చారల్లా ఒకదానిలో ఒకటి కలిసి ఉండేవి. బ్రాడ్‌బ్యాండ్‌కు పదేసి మెగాహెర్ట్జ్ ఏకఖండంగా కావాలి కాబట్టి, చారలు మార్చుకున్నందుకు ఇన్మార్‌శాట్‌కు విడతలవారీగా పెద్ద మొత్తాలు చెల్లించే ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. 2010 నవంబరు 14న బైకనూర్ నుంచి ప్రయోగించిన స్కైటెర్రా-1 ఉపగ్రహం 22 మీటర్ల వెడల్పు యాంటెన్నాను మోసుకెళ్లింది, దాని ఖర్చు వేరు. 40,000 టవర్లను సొంతంగా కట్టే స్థోమత లేదని త్వరలోనే తేలిపోవడంతో, 2011 జులైలో స్ప్రింట్ అనే మొబైల్ కంపెనీ నెట్‌వర్క్ మీద తన పరికరాలను కూర్చోబెట్టుకునేందుకు 900 కోట్ల డాలర్లు ఇచ్చే ఒప్పందం కుదిరింది. ఇన్ని బాధ్యతలు ఒకే ఒక్క కాగితం మీద, అంటే ఎఫ్‌సీసీ తుది అనుమతి మీద ఆధారపడ్డాయి. పైగా 2012 చివరికి 10 కోట్ల మందికి, 2013 చివరికి 14.5 కోట్ల మందికి, 2015 చివరికి 26 కోట్ల మందికి సేవ అందించాలన్న గడువులను ఎఫ్‌సీసీయే విధించింది. ఒక చేత్తో త్వరపెట్టి, ఇంకో చేత్తో ఆపిన స్థితి అది. 2012 మార్చిలో స్ప్రింట్ తప్పుకుంది, రెండు నెలల్లో కంపెనీ దివాలా కోర్టులో ఉంది.

దివాలా నుంచి 2015 డిసెంబరులో బయటపడిన కంపెనీ, 2016లో లిగాడో నెట్‌వర్క్స్ అని పేరు మార్చుకుని మళ్లీ అదే బీడు దగ్గరకు వచ్చింది. ఈసారి ఓపిక నేర్చుకుంది. జీపీఎస్‌కు ఆనుకుని ఉన్న పై పట్టీని వదులుకుంది. జీపీఎస్ పట్టీకి, తన పట్టీకి మధ్య 23 మెగాహెర్ట్జ్ జాగా వదిలింది. జీపీఎస్ పరికరాలు తయారుచేసే గార్మిన్, డీర్, ట్రింబుల్ కంపెనీలతో విడివిడిగా రాజీ కుదుర్చుకుంది. టవర్ శక్తిని 10 వాట్ల స్థాయికి, అంటే మొదట అనుకున్నదానిలో వందో వంతు కన్నా తక్కువకు దించింది. 2020 ఏప్రిల్‌లో ఎఫ్‌సీసీ ఏకగ్రీవంగా అనుమతి ఇచ్చింది. అమెరికా రక్షణ శాఖ, రవాణా శాఖ మాత్రం గట్టిగా వ్యతిరేకించాయి.

ఆ రెండో అంకంలోని సాంకేతిక వివాదం కొలమానానికి సంబంధించినది. జీపీఎస్ సంకేతపు నాణ్యత, అంటే రొదతో పోల్చినప్పుడు దాని బలం, ఒక్క డెసిబెల్ తగ్గినా హాని జరిగినట్టే లెక్కించాలని రవాణా, రక్షణ శాఖలు వాదించాయి. రిసీవరు చూపే స్థానం నిజంగా తప్పుతోందా లేదా అన్నది చూడాలని ఎఫ్‌సీసీ తీర్మానించింది. ఒక డెసిబెల్ తగ్గుదలతో చాలా రిసీవర్లు మామూలుగానే నడుస్తాయి. అయితే భద్రతకు సంబంధించిన వ్యవస్థల్లో మిగులు బలం అలంకారం కోసం ఉండదు, చెట్ల నీడలో, వంపు తిరిగిన విమానంలో, లోయలో అదే ఆదుకుంటుంది. ఈ రెండు చూపుల్లో ఎవరు ఏ పనిలో ఉన్నారో దాన్నిబట్టి ఎవరిది వారికి సరైనదిగా కనిపిస్తుంది, అందుకే పరీక్షలు ఎన్ని చేసినా తగాదా తీరలేదు. అమెరికా కాంగ్రెస్ ఆదేశంతో అక్కడి జాతీయ అకాడమీల నిపుణులు 2022 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక కూడా ఇరుపక్షాలకూ కొంత కొంత ఇచ్చింది. మార్కెట్‌లోని అత్యధిక రిసీవర్లకు ప్రమాదం లేదని, పాత హెచ్చు కచ్చితత్వ రిసీవర్లకు మాత్రం ఉందని చెప్పింది. ఇంకోవైపు గట్టున, 1626.5 మెగాహెర్ట్జ్‌కు దిగువన ఉన్న ఇరిడియం ఉపగ్రహ ఫోన్లకు లిగాడో పరికరాల వల్ల హాని తప్పదని తేల్చింది. ఒకవైపు పొరుగుతో రాజీ పడితే రెండోవైపు పొరుగు మిగిలిపోయింది. అదే నెలలో లిగాడో తన తొలి ప్రాంతీయ ప్రయోగాన్ని నిలిపివేసింది. తన స్పెక్ట్రమ్‌ను ప్రభుత్వమే వాడుకుంటూ తనను అడ్డుకుందని ఆరోపిస్తూ, 2023 అక్టోబరులో 3,900 కోట్ల డాలర్ల పరిహారం కోరుతూ ప్రభుత్వంపై దావా వేసింది.

పొరుగు గొడవ లేని స్పెక్ట్రమ్ దొరికితే నెట్‌వర్క్ దానంతటదే నిలబడుతుందా? ఆ ప్రశ్నకు డిష్ నెట్‌వర్క్ కథ జవాబు. డిష్ అధిపతి, ఉపగ్రహ టీవీ వ్యాపారి చార్లీ ఎర్గెన్, దివాలా తీసిన డీబీఎస్‌డీ, టెర్రెస్టార్ కంపెనీల నుంచి 2011లో 2 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 40 మెగాహెర్ట్జ్ ఉపగ్రహ స్పెక్ట్రమ్ కొన్నారు. దాన్ని నేల మీద వాడుకునేందుకు 2012 డిసెంబరులో ఎఫ్‌సీసీ ఒప్పుకుంది. అక్కడా పక్క పట్టీని కాపాడేందుకు అంచున కొంత భాగంపై ఆంక్షలు వచ్చాయి, కానీ జీపీఎస్ వంటి శత్రువు లేదు. తరువాత వేలాల్లో డిష్ కొంటూ పోయింది. 2015లో ముగిసిన వేలంలో దాని భాగస్వామ్య సంస్థలు రెండూ కలిసి 1,330 కోట్ల డాలర్ల మేర గెలిచి, చిన్న సంస్థలకిచ్చే 330 కోట్ల డాలర్ల రాయితీని పోగొట్టుకున్నాయి. 2017లో 600 మెగాహెర్ట్జ్ కోసం 620 కోట్ల డాలర్లు పెట్టింది. ఇంత కొన్నా టవర్లు మాత్రం లేవు, గడువులు జరుగుతూ వచ్చాయి. టీ-మొబైల్, స్ప్రింట్ విలీనానికి షరతుగా 2020 జులైలో బూస్ట్ మొబైల్ అనే ఫోన్ సేవను 140 కోట్ల డాలర్లకు తీసుకున్నాకే అది నిజంగా నిర్మాణానికి దిగింది.

అప్పుడు తెలిసివచ్చిన చిక్కులు వేరు. 2023 జూన్ 14కల్లా 70 శాతం జనాభాకు సేవ చేరాలి, లేకపోతే భారీ జరిమానాలు. 15,000కు పైగా టవర్లతో డిష్ ఆ గడువును అందుకుంది, పైగా పరికరాలన్నీ ఒకే తయారీదారు నుంచి కొనకుండా, క్లౌడ్ మీద నడిచే బహిరంగ ప్రమాణాల నెట్‌వర్క్‌ను పెద్ద స్థాయిలో కట్టి చూపింది. ఇంజనీర్ల శ్రమకు ఈ ఘనత దక్కాలి. అయినా తన సొంత పట్టీలలో ఒకటైన బ్యాండ్ 70ని అర్థం చేసుకునే ఫోన్లే మార్కెట్‌లో కొద్ది. ఐఫోన్లలో 2023లో వచ్చిన 15వ శ్రేణితో గానీ దానికి చోటు దొరకలేదు. ఒక పట్టీ కాగితం మీద ఎంత శుభ్రంగా ఉన్నా, దాన్ని పట్టుకునే చిప్పు కోట్ల ఫోన్లలోకి చేరేదాకా టవర్ ఎవరితో మాట్లాడుతుంది? బూస్ట్ తీసుకున్నప్పుడు 90 లక్షలకు పైగా ఉన్న చందాదారులు 2024 చివరికి సుమారు 70 లక్షలకు తగ్గారు. అప్పు పెరిగింది, చందాదారు తగ్గాడు, నెట్‌వర్క్ మాత్రం పూర్తయింది. 2025 ఆగస్టులో మాతృసంస్థ ఎకోస్టార్ 600 మెగాహెర్ట్జ్, 3.45 గిగాహెర్ట్జ్ పట్టీలను సుమారు 2,300 కోట్ల డాలర్లకు ఏటీ అండ్ టీకి అమ్మే ఒప్పందం చేసుకుంది. ఆ విలీనంతో మూడుకు తగ్గిన పెద్ద మొబైల్ కంపెనీల పక్కన నాలుగో నెట్‌వర్క్ వస్తుందన్న ఆశ అక్కడితో ఆగింది.

రెండు కథలను పక్కపక్కన పెడితే, నియంత్రణ సంస్థ చేయగలిగిన పని ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. ప్రసారం చేసేవాడికి నిబంధనలు ఉన్నట్టే, వినేవాడికి కూడా ఉండాలి. పక్క పట్టీలో ఎంత మోతను తట్టుకునేలా రిసీవరును తయారుచేయాలో ముందే చెబితే, తయారీదారు ఆ లెక్కన ఫిల్టర్ పెట్టుకుంటాడు, కొత్తగా వచ్చేవాడు ఆ లెక్కన టవర్ పెట్టుకుంటాడు. ఎఫ్‌సీసీ ఈ దిశలో ఒక విధాన ప్రకటన చేయడానికి 2023 ఏప్రిల్ దాకా పట్టింది. అది కూడా సూత్రాల ప్రకటనే, కట్టుబడవలసిన ప్రమాణం కాదు. ఇటువంటి ప్రమాణాన్ని ఈ రోజు పెట్టినా ఫలం దక్కడానికి పదేళ్లు పడుతుంది, ఎందుకంటే ట్రాక్టరు మీది రిసీవరును, విమానంలోని పరికరాన్ని ఫోన్ మార్చినట్టు రెండేళ్లకోసారి మార్చరు.

ఈ విషయం తెలుగువారికి దూరమేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో ఊరి పొలాల్లో కర్ర మీద నిలబెట్టి కొలిచిన రోవర్లు, వాటికి సవరణలు పంపే కోర్స్ కేంద్రాలు పనిచేసేది ఉపగ్రహాల నుంచి వచ్చే ఈ సన్నని సంకేతాల మీదే. పాత తగాదాలో అందరికన్నా ముందు దెబ్బతినే జాతి రిసీవర్లు అవే, విశాలమైన ఫిల్టరు, సెంటీమీటర్ల కచ్చితత్వం. గట్టు ఎక్కడుందో రైతుకు చెప్పే పరికరం, ఆకాశంలో తన గట్టు పక్కన నిశ్శబ్దం ఉందన్న భరోసాతోనే ఆ మాట చెప్పగలుగుతోంది. మన దేశంలో ఉపగ్రహ పట్టీలను నేల మీది సేవలకు తెరవాలన్న వాదన వచ్చినప్పుడల్లా, ధర ఎంత అన్న ప్రశ్నతో పాటు, ఆ పట్టీ పక్కన ఇప్పటికే ఎవరు ఏ రిసీవరుతో వింటున్నారన్న లెక్క కూడా బల్ల మీదికి రావాలి, అదీ అనుమతి కాగితం మీద సంతకం పడకముందే.

2025 జనవరిలో లిగాడో రెండోసారి దివాలా కోర్టుకు వెళ్లింది. ఆ ప్రక్రియలో కుదిరిన ఏర్పాటు ప్రకారం, దాని ఎల్-బ్యాండ్ స్పెక్ట్రమ్‌ను ఏఎస్‌టీ స్పేస్‌మొబైల్ దీర్ఘకాలం వాడుకోనుంది. మామూలు ఫోన్లతో నేరుగా మాట్లాడే పెద్ద యాంటెన్నాల ఉపగ్రహాలు ఆ కంపెనీవి. అదే ఏడాది సెప్టెంబరులో డిష్ 2011లో కొన్న 2 గిగాహెర్ట్జ్ పట్టీని, దాని పక్కనున్న హెచ్-బ్లాకుతో కలిపి సుమారు 1,700 కోట్ల డాలర్లకు స్పేస్‌ఎక్స్‌కు ఇచ్చే ఒప్పందం కుదిరింది, అదీ ఉపగ్రహం నుంచి ఫోన్‌కు నేరుగా సేవ కోసమే. టవర్ల కోసం పదిహేనేళ్లు పోరాడిన రెండు పట్టీలూ మొదట తమను ఏ పనికి కేటాయించారో ఆ పనికే, ఈసారి గోరంత ఫిల్టర్లున్న కోట్ల ఫోన్లను వెతుక్కుంటూ, ఆకాశానికి తిరిగి వెళుతున్నాయి.